టామ్ కొండ మీద తిరిగిందే తిరిగే దారి

ఒరేయ్ పిల్లలూ,

విజయవాడ చేరాను, మోకాళ్లు సర్దుకున్నాయి. ఆ రోజు అమెరికాలో, కాలిఫోర్నియాలోని టామల్‌పాయిస్ కొండ మీద "ఏంటి తాతయ్యా, తిన్నగా పైకి పోకుండా ఈ దారి తిరిగిందే తిరుగుతోంది" అని విసుక్కున్నారు కదా, అప్పుడు ఆయాసంలో చెప్పలేకపోయాను.

వెస్ట్ పాయింట్ ఇన్ అనే సత్రం దగ్గర పులిహోర తిన్నాక మనం ఎక్కిన ఆ వెడల్పాటి మట్టిదారి నడవడానికి వేసింది కాదు. దాని మీద రైలు నడిచేది. 1896లో కింద మిల్ వ్యాలీ నుంచి దాదాపు శిఖరం దాకా పట్టాలు వేశారు, ఎనిమిది మైళ్ల చిల్లరకి 281 మలుపులు! ఇనప పట్టా మీద ఇనప చక్రం కాబట్టి వాలు ఎక్కువైతే జారిపోతుంది, అందుకే కొండని చుట్టుకుంటూ కొంచెం కొంచెంగా ఎక్కించారు. తిరుమలకి మెట్ల మీద పోతే దగ్గరే కానీ పిక్కలు పట్టేస్తాయి, బస్సు మాత్రం ఘాట్ రోడ్డు మీద తిరుగుతూ పోతుంది చూశారూ, అదే లెక్క. దిగేటప్పుడు ఇంకా తమాషా, కొన్ని పెట్టెలకి ఇంజనే ఉండేది కాదు. బ్రేకు పట్టుకుని ఒక మనిషి కూర్చునేవాడు, వాలుకి అదే జర్రున దిగిపోయేది. నేనైతే ఎక్కేవాణ్ణి కాదు బాబూ.

తర్వాత కార్ల రోడ్డు పడింది, 1929లో కొండ తగలబడింది, మరుసటేడు పట్టాలు పీకేశారు.

మీరు ఎగిరి గంతులేసిన రాతి మెట్ల నాటకశాల ఉందే, అది స్టేట్ పార్కులోది. 1930ల్లో అమెరికాలో పనుల్లేక జనం అల్లాడుతున్నప్పుడు ప్రభుత్వం కుర్రాళ్లని కూలికి పెట్టి కట్టించింది. వాళ్ల జీతం నెలకి 30 డాలర్లు, అందులో 25 నేరుగా ఇంటికి పంపేసేవారు. అంతంత రాళ్లు దొర్లించి, చేతికి మిగిలేది ఐదు డాలర్లు.

ఇంకోటి. కొండ పడుకున్న అమ్మాయిలా ఉంటుందని, అది అక్కడి మివోక్ అనే ఆదివాసుల పాత కథ అని చెప్పావు కదే బుజ్జీ? ఆ కథ వాళ్లది కాదు, 1921లో ఆ కొండ మీద ఆడిన నాటకం కోసం అల్లింది. కొండ పేరు మాత్రం వాళ్లదే. వాళ్ల మాటల్లో "పడమటి కొండ" అని అర్థం.

మీ తాతయ్య