జ్వరం మొదలై ఎన్నో రోజు? సర్ది, ఫ్లూ, పరీక్షలపై అపోహలు - వాస్తవాలు

వైరాలజీ ల్యాబ్‌కు వచ్చే ప్రతి శాంపిల్ వెంట ఒక ఫారం ఉంటుంది. అందులో పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు అన్నీ నింపుతారు. 'లక్షణాలు మొదలైన తేదీ' దగ్గరికి వచ్చేసరికి ఒక గీత గీసి వదిలేస్తారు. ఫలితాన్ని ఎట్లా చదవాలో చెప్పేది ఆ గడే. ఏ పరీక్ష చేయించాలి, మందు పనిచేస్తుందా, ఎన్నాళ్లు ఇంట్లో ఉండాలి, టీకా ఎప్పుడు వేయించుకోవాలి, అన్నీ రోజుల లెక్క మీదే నడుస్తాయి. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి వైపు తరచుగా వినిపించే మాటల్ని ఆ లెక్కతోనే చూద్దాం.

అపోహ: "పొద్దున వానల తడిసిండు, రాత్రికి సర్ది పట్టింది."

వాన నీళ్లలో సర్ది వైరస్ ఉండదు. ఒంట్లో చేరిన వైరస్ పెరిగి లక్షణాలు చూపడానికి వ్యవధి కావాలి. ఫ్లూకు 1 నుంచి 4 రోజులు, పసిపిల్లల ఊపిరిని ఇబ్బంది పెట్టే వైరస్ అయిన ఆర్‌ఎస్‌వీకి మామూలుగా 4 నుంచి 6 రోజులు, మామూలు సర్ది తెచ్చే రైనో వైరస్‌కు అటూ ఇటూగా రెండు రోజులు పడుతుంది. పొద్దున తడిసి రాత్రికి ముక్కు కారిందంటే వైరస్ అంతకు ముందే ఎక్కడో అంటుకుంది. ముక్కు లోపల చల్లబడితే అక్కడి రక్షణ కొంత తగ్గే మాట నిజమే గానీ, వైరస్ లేకుండా ఎంత నానినా సర్ది రాదు. మరి వానకాలంలోనే ఎందుకు ఎక్కువ? ముసురు పట్టినప్పుడు తలుపులు, కిటికీలు మూసుకొని అందరం ఒకే గదిలో ఉంటాం. బడిలోనైనా హాస్టల్లోనైనా బస్సులోనైనా అంతే. గాలి మారక ఒకరు వదిలిన ఊపిరిని ఇంకొకరు పీలుస్తారు. మన దగ్గర ఫ్లూ ఏటా రెండుసార్లు ఎక్కువవుతుంది, వానకాలంలో ఒకసారి, జనవరి-మార్చి మధ్య మరోసారి.

అపోహ: "వైరస్ ఉంటే టెస్టు ఎప్పుడు చేయించినా దొరుకుతది."

ఫ్లూ వైరస్ ముక్కు, గొంతులో దండిగా ఉండేది జ్వరం మొదలైన తొలి 3-4 రోజులే. ఎనిమిదో రోజు ముక్కులోంచి పుల్లతో తీసిన స్వాబ్ నెగెటివ్ వస్తే దాని అర్థం ఫ్లూ రాలేదని కాదు, ఇప్పుడు ఇక్కడ దొరకలేదని మాత్రమే.

రోజు సరిగ్గా ఉన్నా స్వాబ్ తప్పుగా తీస్తే ఫలితం అట్లాగే అవుతుంది. పుల్లను కళ్ల వైపు పైకి తోయకూడదు. అంగిలికి సమాంతరంగా, చెవి దిశగా, నేరుగా వెనక్కి పోనిచ్చి, వెనక గోడ తగిలి ఆగినచోట కొన్ని సెకన్లు ఉంచి మెల్లగా తిప్పుతూ బయటికి తీయాలి. కళ్లలో నీళ్లు తిరగడం మామూలే. మధ్యలో ఎముక అడ్డొస్తే బలవంతం చేయకుండా రెండో రంధ్రంలోంచి తీయాలి. స్వాబ్‌కు నైలాన్ లేదా పాలిస్టర్ కుచ్చు, ప్లాస్టిక్ కాడ ఉండాలి. దూది చుట్టిన చెక్కపుల్ల పనికిరాదు, చెక్కలోని పదార్థాలు పీసీఆర్ (వైరస్ జన్యువును రెట్టింపు చేస్తూ వెతికే పరీక్ష) చర్యను అడ్డుకుంటాయి.

తీసిన స్వాబ్‌ను వెంటనే 2-3 మి.లీ. వీటీఎం (శాంపిల్ పాడవకుండా ఉంచే) ద్రవం ఉన్న ట్యూబులో ముంచి, కాడను గుర్తు దగ్గర విరిచి, మూత గట్టిగా బిగించాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య 72 గంటల దాకా నిలుస్తుంది. అంతకు మించి ఆలస్యమైతే మైనస్ 70 డిగ్రీలు కావాలి. చాలామంది మంచి చేస్తున్నామనుకొని మామూలు ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టిస్తారు. అక్కడ మెల్లగా గడ్డకట్టి, దారిలో కరిగి, శాంపిల్ దెబ్బతింటుంది. ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు వంద కిలోమీటర్ల దరిదాపు ప్రయాణం. మే నెల ఎండలో అయితే డబ్బాలో నలువైపులా ఐస్‌ప్యాకులు ఉండాల్సిందే. పైన ఒక్కటి పెట్టి పంపితే చాలదు.

మంచి కిట్లు వైరస్‌తోపాటు మనిషి జన్యువునూ వెతుకుతాయి. అది కూడా కనిపించలేదంటే స్వాబ్‌కు కణాలే అంటలేదన్నమాట. దాన్ని నెగెటివ్ అని ఇవ్వకూడదు, శాంపిల్ మళ్లీ అడగాలి.

అపోహ: "సీటీ వాల్యూ తక్కువ వచ్చింది, పేషెంట్‌కు ప్రమాదమే."

సీటీ అంటే వైరస్ జన్యువు కనబడటానికి యంత్రం ఎన్ని విడతలు రెట్టింపు చేయాల్సి వచ్చిందన్న లెక్క. సుమారు 3.3 విడతల తేడా అంటే పది రెట్లు, కాబట్టి 20కి, 30కి మధ్య దాదాపు వెయ్యి రెట్ల తేడా ఉంటుంది. అది స్వాబ్‌లో ఎంత దొరికిందో చెబుతుంది, ఊపిరితిత్తులు ఎట్లా ఉన్నాయో చెప్పదు. స్వాబ్ సరిగా తీయకపోతే ఎక్కువ వైరస్ ఉన్న మనిషికీ 32 రావచ్చు. ఒక ల్యాబ్ సీటీని ఇంకో ల్యాబ్ కిట్ సీటీతో పోల్చడం కూడా తప్పే.

అపోహ: "రిపోర్టు నెగెటివ్ వచ్చేదాకా డ్యూటీకి పోవద్దు."

పీసీఆర్ జన్యువు ముక్కల్ని కూడా పట్టుకుంటుంది. చచ్చిన వైరస్ ముక్కలు కొందరిలో వారాల తరబడి కనబడతాయి, అవి అంటుకోవు. ఫ్లూ అయితే పెద్దవాళ్లు లక్షణాలకు ఒక రోజు ముందు నుంచి 5-7 రోజుల దాకా అంటిస్తారు, చిన్నపిల్లలు ఇంకొన్నాళ్లు. పారాసిటమాల్ వేసుకోకుండానే 24 గంటలు జ్వరం రాకపోతే పనికి పోవచ్చు. దగ్గు ఉన్నన్నాళ్లూ మాస్కు పెట్టుకోవాలి.

అపోహ: "వైడాల్ పాజిటివ్ వచ్చింది, టైఫాయిడే. ప్లేట్‌లెట్లు తగ్గినై, డెంగీ కూడా ఉన్నది."

వానకాలంలో మా వైపు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ గందరగోళమే. ఫ్లూ, డెంగీ ఒకే నెలల్లో వస్తాయి, రెంటిలోనూ జ్వరం, ఒళ్లునొప్పులు ఉంటాయి. వైడాల్ పరీక్ష వెతికేది యాంటీబాడీల్ని. అవి తొలి వారంలో సరిగా తయారుకావు, పాత టైఫాయిడ్ లేదా పాత టీకా వల్ల ఏళ్ల తరబడి మిగిలీ ఉండొచ్చు. రెండో రోజున చేసిన ఒక్క వైడాల్‌తో టైఫాయిడ్ అని తేల్చకూడదు, దానికి రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే బ్లడ్ కల్చర్ ఉంది. ప్లేట్‌లెట్లు ఫ్లూలోనూ కొంత తగ్గుతాయి. డెంగీకి తొలి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష చేయించాలి. మొదటిది వైరస్ ప్రోటీన్‌ను, రెండోది యాంటీబాడీని వెతుకుతుంది. ఇక్కడ కూడా రోజు తప్పితే రిపోర్టు తప్పుతుంది.

దగ్గు, గొంతునొప్పి ముందు నిలిస్తే ఫ్లూ వైపు అనుమానించాలి. డెంగీలో జ్వరం తగ్గుతున్నప్పుడే, అంటే 3 నుంచి 7 రోజుల మధ్యే, అసలు ప్రమాదం మొదలవుతుంది. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనబడితే 'జ్వరం తగ్గింది కదా' అనుకోవద్దు.

అపోహ: "రెండు సూదులు, మూడు రోజుల అజిత్రోమైసిన్ గోలీలు వాడితే పోతది."

చాలా యాంటీబయాటిక్‌లు బ్యాక్టీరియా గోడను గానీ, అది ప్రోటీన్ తయారుచేసే యంత్రాంగాన్ని గానీ దెబ్బతీస్తాయి. వైరస్‌కు ఆ రెండూ లేవు. సూదిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంటే జ్వరం ఒక పూట దిగుతుంది, జబ్బు ముదురుతున్న సంగతి మాత్రం కప్పబడిపోతుంది. నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ ఉంటే, ఆ జ్వరం డెంగీ అయినప్పుడు రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. కఫం పచ్చగా మారినంత మాత్రాన యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఆ రంగు మన తెల్లకణాల్లోని ఎంజైముది, వైరల్ సర్దిలోనూ వస్తుంది. యాంటీబయాటిక్ అవసరం పడే తీరు వేరు. నాలుగైదు రోజులకు జ్వరం తగ్గి, మనిషి తేరుకొని, మళ్లీ జ్వరం, ఛాతీనొప్పితో పడిపోతే బ్యాక్టీరియా న్యుమోనియా అని అనుమానించి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఫ్లూకు మందు లేదన్నది కూడా తప్పే. ఒసెల్టామివిర్ ఉంది. పెద్దలకు 75 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 5 రోజులు. పిల్లలకు బరువును బట్టి, కిడ్నీ జబ్బున్నవారికి తగ్గించి, డాక్టర్ చీటీ మీదే వాడాలి. కణంలో తయారైన కొత్త వైరస్ బయటపడకుండా అది ఆపుతుంది, అందుకే 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. గర్భిణులు, దమ్ము, షుగర్, గుండెజబ్బు ఉన్నవారు, ఆసుపత్రిలో చేరినవారి విషయంలో మాత్రం ఆలస్యమైనా ఇస్తారు, రిపోర్టు కోసం ఆగరు.

అపోహ: "ఆవిరి పడితే వైరస్ చస్తది."

ల్యాబ్‌లో ఇటువంటి వైరస్‌ను వేడితో నిర్వీర్యం చేయాలంటే 56 డిగ్రీల దగ్గర అరగంట ఉంచుతాం. ముక్కు పొర అంత వేడిని తట్టుకోదు. ఆవిరితో ముక్కు కాస్త తెరుచుకుంటుంది, అంతే. పిల్లలకు దుప్పటి కప్పి మరిగే గిన్నె ముందు కూర్చోబెట్టడం మానేయండి, గిన్నె ఒలికితే కాలిన గాయాలవుతాయి. ఉప్పునీటి చుక్కలు ఆ పనిని క్షేమంగా చేస్తాయి.

అపోహ: "ఫ్లూ టీకా వేసుకుంటే ఫ్లూ వస్తది. ఒకసారి వేసుకుంటే జన్మకు చాలు."

మన దగ్గర సూదిగా వేసే ఫ్లూ టీకాల్లో బతికున్న వైరస్ ఉండదు. ఒకటి రెండు రోజులు చేయి నొప్పి, కొద్దిగా జ్వరం రావచ్చు. రక్షణ రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఆ మధ్యలో ఫ్లూ వస్తే తప్పు టీకాది కాదు. వైరస్ మారుతుంటుంది కాబట్టి ఏటా వేయించుకోవాలి. డబ్ల్యూహెచ్‌ఓ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధ గోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధ గోళానికి టీకా రకాల్ని నిర్ణయిస్తుంది. 2020 మార్చి తర్వాత బి-యమగట అనే ఫ్లూ వైరస్ రకం ఎక్కడా ధ్రువపడలేదు, అందుకే నాలుగు రకాల టీకా నుంచి మళ్లీ మూడు రకాలకు వస్తున్నారు. ఇటువంటి నిర్ణయాలు చిన్న ల్యాబుల్లో నమోదైన కేసుల మీదే ఆధారపడతాయి. తేదీ లేని ఫారం అక్కడ కూడా అక్కరకు రాదు.

తొలకరికి ముందు, మే-జూన్‌లో వేయించుకోవడం మంచిది. డబ్బా మీద ఏ సంవత్సరపు రకమో రాసి ఉంటుంది, చూసి తీసుకోండి. 6 నెలల నుంచి 8 ఏళ్ల పిల్లలకు మొదటిసారి అయితే 4 వారాల తేడాతో రెండు డోసులు కావాలి, అంటే మే నెలలోనే మొదలుపెట్టాలి. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘంలో, సరిగ్గా ఫ్లూ రెండోసారి ఎక్కువయ్యే రోజుల్లో వస్తుంది. టీకా వేసుకోని ముసలివాళ్లు, దమ్మున్నవాళ్లు వన దేవతల దర్శనానికి పోదలిస్తే కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి. కిక్కిరిసిన బస్సులో ఎన్‌95 మాస్కు పెట్టుకోవాలి. దాన్ని సబ్బుతో ఉతకొద్దు, పోగుల్లోని విద్యుదావేశం పోయి వడపోత దెబ్బతింటుంది.

ఫ్లూ మాట వస్తే చికెన్ గురించీ అడుగుతారు, ఆ సంగతి ఒక్క మాటలో: 70 డిగ్రీలు దాటి లోపలిదాకా ఉడికిన మాంసంతో బర్డ్ ఫ్లూ రాదు. ముప్పు ఉన్నది జబ్బుపడి చచ్చిన కోళ్లను వట్టి చేతులతో కోసి శుభ్రం చేయడంలో. కోళ్లకు మామూలుగా వచ్చే కొక్కెర రోగమేలే అని తేల్చేయకుండా పశువైద్యుడికి చెప్పాలి.

అపోహ: "వైరాలజీ ల్యాబ్‌లో వైరస్‌ను పెంచుతరు, అటు పోవద్దు."

రోగనిర్ధారణ ల్యాబ్‌లో మామూలుగా వైరస్‌ను పెంచరు. బయోసేఫ్టీ క్యాబినెట్‌లో ట్యూబు తెరవగానే లైసిస్ బఫర్ అనే ద్రవం కలుపుతారు, అందులోని గ్వానిడిన్ అనే రసాయనం వైరస్‌ను విప్పి చంపేస్తుంది. ఈ వృత్తిలోకి వచ్చే ఎమ్మెస్సీ, ఎండీ మైక్రోబయాలజీ విద్యార్థులు మొదటి రోజే నేర్వాల్సింది ఒకటుంది: ఆ బఫర్ ఒలికితే బ్లీచింగ్ ద్రావణం పోయకూడదు, విషవాయువులు వస్తాయి. మిగతా ఒలికినవాటికి 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 30 గ్రాములు లీటరు నీళ్లలో కలిపిన 1 శాతం ద్రావణం ఏ రోజుకారోజు చేసుకోవాలి. రీఏజెంట్లు, అంటే పరీక్ష రసాయనాలు, కలిపే గది నుంచి శాంపిల్‌లోని వైరస్ జన్యువైన ఆర్‌ఎన్‌ఏ తీసే గదికి, అక్కణ్నుంచి యంత్రం గదికి ఒకే దిశలో నడవాలి. వెనక్కి వస్తే పీసీఆర్‌లో పుట్టిన కోట్ల ముక్కలు గౌనుతోపాటు వస్తాయి. శాంపిల్ బదులు నీళ్లు వేసిన కంట్రోల్ ట్యూబు పాజిటివ్ చూపిందంటే ఆ బ్యాచ్‌లో ఒక్క రిపోర్టూ బయటికి పోకూడదు.

అపోహ: "పసిపిల్లకు సర్దే కదా, తగ్గుతదిలే."

ఆర్‌ఎస్‌వీలో మొదటి రెండు రోజులు ముక్కు కారడమే కనబడుతుంది. ఊపిరి కష్టం 3 నుంచి 5 రోజుల మధ్య ముదురుతుంది. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు సగం కూడా తాగకపోయినా, పెదాలు నీలమైనా ఆగొద్దు. నిమిషానికి ఊపిరి 2 నెలల్లోపు పిల్లలకు 60, 2 నుంచి 12 నెలల వారికి 50, ఏడాది నుంచి అయిదేళ్ల వారికి 40 లేదా అంతకు మించితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, అంగీ పైకి ఎత్తి, పొట్ట కదలికను చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే లెక్క తప్పుతుంది, పసిపిల్లల ఊపిరి ఒకే తీరుగా నడవదు.