సముద్రం నుంచి కొండకు ఎరువు

స్కాట్లండ్ పడమటి తీరంలోని మాలేగ్ రేవులో ఫెర్రీ ఎక్కి రమ్ దీవికి సెలవులకు వెళ్లేవాళ్లు డెక్ మీద నిలబడి ఎక్కువగా చూసేది కొండల్నే. చూడదగ్గవే. 812 మీటర్ల ఆస్కివల్ శిఖరం సముద్రంలోంచే లేచినట్టుంటుంది. సుమారు 6 కోట్ల ఏళ్ల కిందట, ఉత్తర అట్లాంటిక్ విచ్చుకుంటున్న కాలంలో, ఇక్కడ మండిన అగ్నిపర్వతం అడుగుభాగం ఇది. పైదంతా ఎప్పుడో అరిగిపోయింది. అయినా వేసవిలో ఈ దారిన వెళ్తే కొండల కంటే నీళ్ల మీదే కన్నేసి ఉంచమంటాను.

పైన నలుపు, కింద తెలుపు, రెక్కలు ఆడించకుండానే అలల మీద వాలుగా జారిపోయే పక్షులు కనిపిస్తాయి. వీటిని మాంక్స్ షియర్‌వాటర్లు అంటారు. బరువు అరకిలో కూడా ఉండదు. రమ్ కొండల పైభాగంలో లక్షకు పైగా జంటలు గూళ్లు పెడతాయి. ప్రపంచంలో వీటి అతిపెద్ద స్థావరాల్లో ఇదొకటి. గూడంటే చెట్టు మీది గూడు కాదు, మట్టిలో తవ్విన బొరియ. అందులో ఒకే ఒక్క గుడ్డు.

సముద్రపక్షికి కొండెక్కాల్సిన ఖర్మేంటి? బొరియ తవ్వాలంటే నీరు నిలవని వదులు మట్టి కావాలి. కింద నేలంతా తడి పీట్, అంటే సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న నేల. బొరియకు పనికొచ్చే మట్టి హాలివల్, ఆస్కివల్ కొండల వాలుల్లో దొరుకుతుంది. ఈతకు వీలుగా కాళ్లు బాగా వెనక్కి ఉండటంతో, నేల మీద మాత్రం ఈ పక్షి నడక చూస్తే జాలేస్తుంది. గద్దలకూ పెద్ద గల్ పక్షులకూ సులువుగా దొరికిపోతుంది. అందుకే పొద్దువాలాక గుంపులుగా నీళ్ల మీదే కూర్చుని, బాగా చీకటి పడ్డాకే కొండ చేరతాయి. జూన్‌లో అక్కడ రాత్రి ఎంత చిన్నదో తెలుసు కదా, అర్ధరాత్రి దాకా ఆగాల్సిందే! వచ్చాక ఒకటే అరుపులు. కొండల్లో ఒకదానికి వైకింగులు భూతాల పేరు పెట్టడానికి ఈ కేకలే కారణమంటారు.

అసలు విషయం ఆ అరుపుల కింద, నేలలో ఉంది. రమ్‌లో వాన ఎక్కువ, మట్టిలో పోషకాలు తక్కువ. ఉన్న కాస్త ఖనిజాలనూ వాన కడిగేస్తుంది. షియర్‌వాటర్లు సముద్రంలో చేపలు తిని కొండ మీద రెట్ట వేస్తాయి. అంటే నత్రజని, భాస్వరం ప్రతి వేసవీ ఉచితంగా కొండెక్కుతున్నాయన్నమాట. బొరియలున్న చోట గడ్డి ఎంత పచ్చగా ఉంటుందంటే, దూరం నుంచే ఆ మడులు గుర్తుపట్టొచ్చు. ఎర్రజింకలు మేతకు అక్కడికే వస్తాయి.

వచ్చి గడ్డితో సరిపెట్టుకోవు. బొరియ బయట దొరికిన షియర్‌వాటర్ పిల్లల తలలు కొరికి నమిలేస్తాయి! సాధు జంతువని మనం పెట్టుకున్న పేరు జింకకేం తెలుసు? మగజింకకు ఏటా కొమ్ములు రాలి కొత్తవి మొలుస్తాయి. వాటికి కావాల్సిన కాల్షియం, భాస్వరం ఈ నేల గడ్డిలో చాలవు. ఎముకలో ఉన్నాయి. శాస్త్రవేత్తల వివరణ ఇదే.

తెల్లతోక గద్దల కథ వేరే వ్యాసానికి సరిపోతుంది. బ్రిటన్‌లో పూర్తిగా అంతరించిన వాటిని 1975 నుంచి 1985 దాకా నార్వే నుంచి తెచ్చి ఇక్కడే వదిలారు. పడమటి తీరంలో ఇప్పుడు ఎగురుతున్నవాటిలో ఎన్నో వాటి సంతతే.

షియర్‌వాటర్ దారి మర్చిపోదు. 1952లో వేల్స్‌లోని స్కోఖోమ్ దీవి నుంచి ఒకదాన్ని విమానంలో బోస్టన్ తీసుకెళ్లి వదిలితే, పన్నెండున్నర రోజుల్లో తన బొరియకు తిరిగొచ్చింది. దాన్ని వదిలామని రాసిన ఉత్తరం తర్వాత అందింది.

కానీ పిల్లలకు ఆ నేర్పు ఇంకా పదును తేలదు. తల్లిదండ్రులు ముందే దక్షిణ అమెరికా తీరాలకు బయల్దేరతాయి. ఒంట్లో కొవ్వు పట్టిన పిల్ల కొన్నాళ్లు పస్తుండి, తేలికపడి, సెప్టెంబర్ ప్రాంతంలో ఒంటరిగా ఎగురుతుంది. మబ్బు, మంచు కమ్మిన రాత్రుల్లో మాలేగ్ వీధి దీపాలకు తికమకపడి రోడ్ల మీద వాలిపోతుంది. చదును నేల మీంచి మళ్లీ లేవడం దానికి చాలా కష్టం. ఊళ్లోవాళ్లు ఏరి, అట్టపెట్టెల్లో పెట్టి, సముద్రం దగ్గర వదులుతుంటారు. ఆ నెలలో మర్నాటి ఫెర్రీ కోసం మాలేగ్‌లో బస చేసేవాళ్లు రాత్రి కర్టెన్లు వేసుకుంటే ఆ పని కొంత తగ్గుతుంది.