బాబాయ్ సంతకం పెడితే సరిపోదు: అమెరికా స్పౌజ్ వీసా, స్పాన్సర్ నివాసంపై అపోహలు - వాస్తవాలు

"మా బాబాయ్ డల్లాస్‌లో ఉన్నారు, మంచి జీతం. నా భార్య వీసాకి నాతో పాటు పూచీ ఉండే జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెడతానన్నారు. ఇంక నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానక్కర్లేదు కదా?"

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో ఎక్కువమందిది ఒకే కథ. తల్లిదండ్రులు హెచ్-1బీ మీద వెళ్లారు, పిల్లలు అక్కడే పుట్టారు, మూడో ఏటో నాలుగో ఏటో వాళ్లను తీసుకుని తిరిగొచ్చేశారు. ఆ పిల్లలు ఇక్కడే చదివి ఇప్పుడు మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో పనిచేస్తున్నారు. చేతిలో అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు. గుంటూరు అమ్మాయితోనో వరంగల్ అబ్బాయితోనో పెళ్లవుతుంది. జీవిత భాగస్వామి కోసం ఐ-130 పిటిషన్ వేస్తారు (వేసినవారే పిటిషనర్, స్పాన్సర్ కూడా), ఆమోదం వస్తుంది, కేసు వీసా కాగితాలు చూసే ఎన్‌వీసీకి (నేషనల్ వీసా సెంటర్) వెళ్తుంది. అక్కడ ఐ-864 దగ్గర, అంటే స్పాన్సర్ ఇచ్చే పోషణ పూచీపత్రం దగ్గర బండి ఆగుతుంది. జీతం చాలకే ఆగిందని ఇంట్లో అందరూ అనుకుంటారు. చాలా ఫైళ్లలో అసలు చిక్కు స్పాన్సర్ ఎక్కడ ఉంటున్నాడన్నది.

అపోహ: జాయింట్ స్పాన్సర్ దొరికితే పిటిషనర్ ఎక్కడున్నా ఫర్వాలేదు

ఈ మాట ఎవరు మొదలుపెట్టారో గానీ, వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం చావడం లేదు. ఐ-864 రెండు వేర్వేరు సంగతులు అడుగుతుంది. ఆదాయం సరిపోతుందా అన్నది ఒకటి. స్పాన్సర్ డొమిసైల్ (స్థిర నివాసం) అమెరికాలో ఉందా అన్నది రెండోది. జాయింట్ స్పాన్సర్ తీర్చేది మొదటిదాన్నే. రెండోదానికి పిటిషనరే జవాబు చెప్పుకోవాలి. బాబాయ్‌కి ఏడాదికి రెండు లక్షల డాలర్లు వస్తున్నా, పిటిషనర్ డొమిసైల్ తేలనంతవరకు ఆ సంతకం అక్కరకు రాదు. పైగా జాయింట్ స్పాన్సర్‌కూ ఇదే నిబంధన ఉంది. గ్రీన్ కార్డ్ జేబులో పెట్టుకుని ఏడాదిలో పది నెలలు రాజమండ్రిలో ఉండే పెదనాన్న ఇందుకు పనికిరారు.

డొమిసైల్ అంటే ప్రధాన నివాసం, ఇకముందూ అక్కడే ఉండాలన్న ఉద్దేశం. ఈ రెండూ కలిసి ఉండాలి. పౌరసత్వం వేరు, డొమిసైల్ వేరు. "పుట్టింది అమెరికాలోనే కదండీ" అన్నంత మాత్రాన డొమిసైల్ రాదు.

తేల్చుకోకుండా ఇంటర్వ్యూకి వెళ్తే ఏమవుతుంది? ముంబైలోని అమెరికా కాన్సులేట్‌లో 221(జీ) కాగితం, అంటే వీసా ఇప్పటికి ఆపామన్న నోటీసు, చేతికిస్తారు. పిటిషనర్ డొమిసైల్ రుజువులు తెమ్మంటారు. అప్పుడు పరుగులు మొదలవుతాయి. ఈలోగా వీసా మెడికల్ పరీక్ష గడువు దాటిపోతే మళ్లీ చేయించుకోవాలి. ఏడాదిపాటు జవాబివ్వకుండా వదిలేస్తే కేసు మూసేస్తారు. అలా మూసేశాక మళ్లీ ఐ-130 నుంచి మొదలు, ఫీజుతో సహా. అది ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద 675. పోయిన కాలానికి వెల కట్టలేం.

అపోహ: అయితే స్పాన్సర్ ముందే వెళ్లి ఏడాది అక్కడ ఒంటరిగా ఉండాలి

ఇది పై అపోహకు తిరగేసిన రూపం. నష్టం దీనివల్లే ఇంకా ఎక్కువ. కొత్తగా పెళ్లైనవాళ్లు ఇది నమ్మి విడిపోయి ఉంటారు. అతను ఉద్యోగం మానేసి వెళ్లి తెలిసినవాళ్ల ఇంట్లో సర్దుకుంటాడు, ఆమె అత్తగారింట్లో తేదీలు లెక్కపెట్టుకుంటుంది. నిబంధనలో ఇది ఎక్కడా లేదు. "ముందు ఇన్ని నెలలు ఉండి తీరాలి" అన్న లెక్కే లేదు.

నిబంధన చెప్పేది ఇది: భార్యో భర్తో అమెరికాలో అడుగుపెట్టే రోజుకల్లా స్పాన్సర్ అక్కడ డొమిసైల్ ఏర్పరచుకోవాలి. అలా ఏర్పరచుకుంటాడని కాన్సులర్ అధికారికి నమ్మకం కుదిరేలా రుజువులు చూపాలి. ఇద్దరూ ఒకే విమానంలో దిగినా సరిపోతుంది. స్థిరపడడానికే వస్తూ, దరఖాస్తుదారుతో పాటే విమానాశ్రయంలో దిగిన స్పాన్సర్‌కి డొమిసైల్ ఏర్పడినట్టే లెక్క. కుదరనిది ఒక్కటే, ఆమెను ముందు పంపి అతను హైదరాబాద్‌లోనే ఉండిపోవడం. వీసా స్టాంప్ అయినా సరే, దిగిన రోజుకి స్పాన్సర్ డొమిసైల్ లేకపోతే ఆమె ప్రవేశమే చిక్కులో పడుతుంది.

ఇంకో సంగతి. ఐ-130 వేయడానికి అమెరికాలో ఉండక్కర్లేదు. హైదరాబాద్ నుంచే ఆన్‌లైన్‌లో వేయొచ్చు. అది తేలడానికి ఏడాది దాటడం మామూలే. ఆ కాలమంతా ఇద్దరూ ఇక్కడ కలిసి ఉండొచ్చు. డొమిసైల్ కాగితాలు కావాల్సింది ఎన్‌వీసీ దశలో, ఆ తర్వాత ఇంటర్వ్యూ రోజున. భయపడి ఉద్యోగం మానేసే ముందు ఈ వరుస ఒకసారి చూసుకోండి.

ఫైల్‌లో ఏముండాలి

ముందు మీరు ఏ రకమో తేల్చుకోండి. న్యూజెర్సీలో ఇల్లు, బ్యాంకు ఖాతా, లైసెన్సు అన్నీ ఉంచుకుని, నాన్నగారి ఆరోగ్యం బాగోలేక ఎనిమిది నెలలుగా విజయవాడలో ఉంటున్నవాళ్లు ఒక రకం. వాళ్ల డొమిసైల్ పోలేదు. ఎందుకొచ్చారో, ఎప్పుడు తిరిగెళ్తారో రాసిన లేఖ, అక్కడి బిల్లులు, పన్ను రిటర్నులు జతచేస్తే చాలు. అమెరికా ప్రభుత్వం తరఫునో, అర్హత ఉన్న అమెరికన్ కంపెనీ తరఫునో విదేశంలో పనిచేస్తున్నవాళ్లు రెండో రకం. వాళ్లకు చట్టంలోనే వెసులుబాటు ఉంది. ఇక మూడేళ్లప్పుడు వచ్చేసి ఇక్కడే పెరిగినవాళ్లు మూడో రకం. వీళ్లు డొమిసైల్ కొత్తగా కట్టుకోవాలి. గట్టి ఫైల్ కావాల్సింది వీళ్లకే.

ఒక పేజీ లేఖతో మొదలుపెట్టండి. ఏ నెలలో వెళ్తారు, ఏ ఊళ్లో ఎవరింట్లో దిగుతారు, పని సంగతేమిటి, ఇక్కడ ఏమేమి ముగిస్తున్నారు, ఇవన్నీ తేదీలతో రాయండి. ప్రతి వాక్యానికీ వెనక ఒక కాగితం ఉండాలి. బాబాయ్ ఇంట్లో దిగుతామంటే ఆయన రాసిచ్చిన లేఖ, ఆయన పేరు మీదున్న కరెంటు బిల్లు. ఉద్యోగమంటే ఆఫర్ లెటర్. మాదాపూర్ ఆఫీసు నుంచే అక్కడికి బదిలీ అవుతుంటే ఊరు, తేదీ, డాలర్లలో జీతం ఉన్న లెటర్. ఆఫర్ ఇంకా లేకపోతే దరఖాస్తులు, ఇంటర్వ్యూ ఈమెయిళ్లు. ఇక్కడివైపు నుంచి రాజీనామా లేఖో, కొండాపూర్ ఫ్లాట్ ఓనర్‌కి ఇచ్చిన ఖాళీ నోటీసో, కారు అమ్మిన కాగితమో. ఈ రెండో వైపును దాదాపు అందరూ వదిలేస్తారు. అక్కడ ఇల్లు చూసుకున్నట్టు చూపించి, ఇక్కడ ఏదీ కదపకపోతే అధికారికి అనుమానం రావడం సహజం.

బ్యాంకు ఖాతా ఇక్కడి నుంచి తెరవడం కష్టం. చాలా బ్యాంకులు మనిషి రావాలంటాయి, అక్కడి అడ్రస్ అడుగుతాయి. వీలైతే రెండు వారాలు వెళ్లి ఖాతా, స్టేట్ ఐడీ లేదా లైసెన్సు, ఫోన్ నంబరు ఒకేసారి చూసుకుని రండి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే ముందు దానికే అప్లై చేయండి, అది లేకుండా ఐ-864 ముందుకు సాగదు. సిటిజన్లు ఓటరుగా నమోదైనా రుజువే. గ్రీన్ కార్డ్ వాళ్లు మాత్రం ఆ జోలికి వెళ్లొద్దు. సిటిజన్ కాకుండా ఓటరుగా నమోదైతే డిపోర్టేషన్ దాకా పోతుంది.

ఎవరో ఒకరు తప్పకుండా ఇచ్చే సలహా ఇంకొకటుంది: "ప్రస్తుత నివాసం అన్నచోట బాబాయ్ అడ్రసే రాసేయ్, ఎవరు చూడొచ్చారు." చూస్తారు. పాస్‌పోర్టులో స్టాంపులుంటాయి, ఐ-130లో మీరే రాసిన కూకట్‌పల్లి అడ్రస్ ఉంటుంది. ఐ-864 మీద సంతకం అంటే ప్రమాణం చేసినట్టే. ఉత్తరాల అడ్రస్, ఉంటున్న అడ్రస్ ఫారంలో విడివిడిగానే ఉన్నాయి. ఉత్తరాలకు బాబాయ్ ఇల్లు రాయండి, ఉంటున్నది కూకట్‌పల్లి అయితే కూకట్‌పల్లే రాయండి. మిగతాది లేఖ చూసుకుంటుంది.

అపోహ: ఇక్కడ ముప్పై లక్షల ప్యాకేజీ ఉంది కాబట్టి ఆదాయానికి ఢోకా లేదు

అమెరికా వెళ్లాక కూడా అదే సంస్థ నుంచి కొనసాగే ఆదాయాన్నే లెక్కిస్తారు. ఇక్కడ మానేసే ఉద్యోగం జీతం సున్నా కిందే లెక్క. కావాల్సింది పేదరిక గీతకు 125 శాతం. 2025 లెక్కల్లో ఇద్దరి కుటుంబానికి అది 26,437 డాలర్లు. ఏ రాష్ట్రంలో ఉంటారన్నది ఈ లెక్కకు సంబంధించి అలాస్కా, హవాయిల విషయంలోనే తేడా, అక్కడ గీత ఎక్కువ. మిగతా 48 రాష్ట్రాలకూ ఒకటే అంకె. అది ఏటా మారుతుంది, ఐ-864పీ పట్టిక తాజాది చూసుకోండి.

జీతం లేకపోతే ఆస్తి చూపొచ్చు. సిటిజన్ తన జీవిత భాగస్వామికి చేస్తున్నప్పుడు, కావాల్సిన ఆదాయానికి ఎంత తక్కువైతే ఆ లోటుకు మూడింతలు చాలు. మొత్తం లోటే అయితే 2025 లెక్కలో 79,311 డాలర్లు. ఏడాదిలోగా నగదుగా మార్చి దేశం దాటించగలిగేదై ఉండాలి. అన్నదమ్ముల మధ్య పంపకం కాని పొలాన్ని ఇందులో కలపకండి.

ఎవరింట్లో దిగుతారన్నది ఇక్కడ నిజంగా తేడా తెస్తుంది. అన్నయ్యతో ఒకే ఇంట్లో ఉంటుంటే ఐ-864ఏ ఫారం మీద ఆయన ఆదాయాన్ని మీదాంతో కలిపి చూపొచ్చు. వేరే ఇంట్లో ఉంటే ఆయన జాయింట్ స్పాన్సర్‌గా సొంత ఐ-864 వేయాలి, అప్పుడు ఆయన ఆదాయమొక్కటే సరిపోవాలి. బాబాయ్, మేనమామ ఒకే ఇంట్లో ఉన్నా ఐ-864ఏ కిందకు రారు. ఆ జాబితాలో ఉన్నది తల్లిదండ్రులు, తోబుట్టువులు, పెద్ద పిల్లలు, జీవిత భాగస్వామి. బాబాయ్ జాయింట్ స్పాన్సర్‌గా మాత్రం నిక్షేపంగా పనికొస్తారు. సంతకం పెట్టే ముందు ఆయనకొకటి చెప్పండి: మీరు విడాకులు తీసుకున్నా ఆయన పూచీ పోదు.

పన్ను రిటర్ను సంగతి చాలామందికి అసలు తట్టదు. హైదరాబాద్‌లో ఉన్నా అమెరికా సిటిజన్ తన ప్రపంచవ్యాప్త ఆదాయం మీద 1040 (అమెరికా ఆదాయపు పన్ను రిటర్ను) వేయాలి. పెళ్లయ్యాక భార్యాభర్తలు విడిగా ఫైల్ చేస్తే, ఆదాయం కేవలం 5 డాలర్లున్నా రిటర్ను వేయాల్సిందే. పన్ను కట్టాల్సింది ఏమీ లేకపోవచ్చు, రిటర్ను మాత్రం ఉండాలి. తెలియక ఎప్పుడూ వేయనివాళ్లకు స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి ఉంది: మూడేళ్ల రిటర్నులు, ఆరేళ్ల ఎఫ్‌బార్ (విదేశీ బ్యాంకు ఖాతాల వివరాలు). ఇంటర్వ్యూ తేదీ వచ్చాక కాదు, ఐ-130 పెండింగ్‌లో ఉండగానే ఇది తేల్చుకోండి.

మిగతావి, త్వరగా

ఫలానా రాష్ట్రం అడ్రస్ ఇస్తే కేసు తొందరగా తేలుతుందట: ముంబై ద్వారా వెళ్లే కేసుకు రాష్ట్రంతో పనిలేదు. అమెరికాలోపలే ఉండి గ్రీన్ కార్డ్ కోసం ఐ-485 వేసినవాళ్లకు మాత్రం అడ్రస్‌ను బట్టి ఫీల్డ్ ఆఫీసు మారుతుంది, దానికోసం ఊరు మారడం తెలివితక్కువ పని.

ఇంటర్వ్యూ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఉంటుందట: మన వాళ్ల ఇమ్మిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ ముంబైలో. పిటిషనర్ రావాల్సిన పనిలేదు.

టూరిస్ట్ వీసా మీద తీసుకెళ్లి అక్కడే ఐ-485 వేసేస్తే గొడవ వదుల్తుందట: స్థిరపడే ఉద్దేశం దాచి ప్రవేశించారని తేలితే శాశ్వత నిషేధం దాకా వెళ్తుంది. ఇప్పటికే హెచ్-1బీ మీదో ఎఫ్-1 మీదో అక్కడున్నవాళ్ల సంగతి వేరు.

గ్రీన్ కార్డ్ వచ్చాక ఆరు నెలలకోసారి వెళ్లొస్తే చాలట: చాలదు. చూసేది అసలు నివాసం ఎక్కడన్నది. ఇక్కడ ఎక్కువకాలం ఉండాల్సి వస్తే రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోండి. అమెరికాలో ఉండగానే అప్లై చేయాలి, రెండేళ్ల దాకా ఇస్తారు. స్పాన్సర్ గ్రీన్ కార్డ్ హోల్డర్ అయి ఇక్కడే ఎక్కువ ఉంటుంటే ప్రమాదం రెండింతలు. అతని కార్డు పోతే ఆమె పిటిషనూ పోతుంది.

ఇది మాత్రం త్వరగా దాటేయకూడదు, ఎదురుచూసే కాలంలో బిడ్డ పుడితే ఏమిటన్నది. తండ్రో తల్లో సిటిజన్ కాబట్టి బిడ్డ కూడా సిటిజనేనని ధీమాగా ఉంటారు. రెండోవారు సిటిజన్ కానప్పుడు, సిటిజన్ అయినవాళ్లు బిడ్డ పుట్టేలోపు మొత్తం అయిదేళ్లు అమెరికాలో గడిపి ఉండాలి, అందులో రెండేళ్లు పద్నాలుగేళ్ల వయసు దాటాక. మూడేళ్లప్పుడు వచ్చేసినవాళ్లకు ఇది కుదరదు. సిటిజన్ వేసిన స్పౌజ్ పిటిషన్‌లో పిల్లలు ఆటోమేటిక్‌గా కలవరు, బిడ్డకు విడిగా ఐ-130 వేయాలి. తల్లి వీసా చేతికొచ్చే రోజుకి బిడ్డ పిటిషన్ మొదలైనా కాకపోతే తల్లీబిడ్డలు విడిపోవాల్సి వస్తుంది. జనన ధృవీకరణ పత్రం రాగానే అది వేసేయండి. బిడ్డ పద్దెనిమిదేళ్లలోపు ఆ వీసా మీద దిగి సిటిజన్ అయిన తల్లితోనో తండ్రితోనో కలిసి ఉంటే పౌరసత్వం చట్టం ప్రకారం దానంతటదే వస్తుంది, అమెరికా పాస్‌పోర్టుకు నేరుగా అప్లై చేసుకోవచ్చు.