ఏరేటర్ ఎంతకాలం ఆడుతుంది? వైబుల్ ఫంక్షన్లపై అపోహలు - వాస్తవాలు

ఇందుకూరుపేట నుంచి కొత్తపట్నం దాకా రొయ్యల చెరువుల్లో నీటికి గాలి కలుపుతూ తిరిగే ఏరేటర్ల బేరింగులు ఎప్పుడు పోతాయో లెక్కగట్టడం నా వృత్తి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఏరేటర్ ఆగితే పంటకే ముప్పు. అందుకే ఈ లెక్కకు ఇంత గిరాకీ. స్వీడన్ ఇంజనీరు వలోడి వైబుల్ 1951లో రాసిన వ్యాసంతో పేరుపడ్డ విభాజనమే, అంటే ఎన్ని గంటలకు ఎంత శాతం పాడవుతాయో చెప్పే సూత్రమే, దీనికి ఆధారం. సూత్రం చిన్నది, దాని చుట్టూ అల్లుకున్న అపోహలే పెద్దవి. కింది అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి.

అపోహ: స్కేల్ 5000 గంటలంటే బేరింగు సగటున 5000 గంటలు ఆడుతుంది.

కాదు. స్కేల్ అంటే 63.2 శాతం బేరింగులు పాడైపోయే సమయం. ఆకార పరామితి (వయసుతో పాడయ్యే ముప్పు పెరుగుతుందా, తగ్గుతుందా చెప్పే అంకె) 2 అయితే సగటు సుమారు 4431 గంటలే. నిజానికి రైతుకు సగటుతోనూ పని లేదు. పదింట ఒకటి ఎప్పటికి పోతుందన్నదే ఆయనకు కావాలి. అది 1623 గంటలు. గణాంకాల భాష ఆర్‌లో క్యూవైబుల్ ఫంక్షన్‌కు 0.1 ఇస్తే వచ్చేది ఇదే. స్పేర్లు ఎన్ని కొనాలో ఈ అంకెను బట్టి నిర్ణయించండి.

అపోహ: ఫంక్షన్ ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఒకటే, అంకెలు ఇస్తే చాలు.

నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది ఇక్కడే. ఎక్సెల్ వైబుల్ ఫంక్షన్‌లో ఆల్ఫా అంటే ఆకారం, బీటా అంటే స్కేల్. పైథాన్ ర్యాండమ్ మాడ్యూల్‌లో సరిగ్గా తిరగేసి, ఆల్ఫా స్కేల్, బీటా ఆకారం. మ్యాట్‌ల్యాబ్‌లో స్కేల్ ముందు వస్తుంది, ఆర్‌లో ఆకారం ముందు. పైథాన్ లైబ్రరీ నంపైలో యాదృచ్ఛిక సంఖ్యలు తీసే ఫంక్షన్ స్కేలునే అడగదు, ఆ గుణకారం మనమే చేసుకోవాలి. ఎక్సెల్ వరుసలోనే 2, 5000 అని పైథాన్‌కు ఇచ్చి చూడండి: బేరింగులన్నీ సుమారు రెండు గంటలకే పోతాయంటుంది, తప్పని ఒక్క హెచ్చరికా రాదు! డేటా నుంచి ఈ పరామితులు అంచనా వేసే, ఆర్‌లోని సర్వ్‌రెగ్ ఫంక్షన్ మరీ ఘనం. అది 'స్కేల్' అని చూపేది ఆకారానికి విలోమం.

అపోహ: 3000 గంటలు ఆడిన బేరింగు వచ్చే 500 గంటల్లో పోయే అవకాశం కావాలంటే, 3500 గంటల్లోపు పాడయ్యే అవకాశంలోంచి 3000 గంటల్లోపు పాడయ్యే అవకాశం తీసేస్తే చాలు.

పై ఆకారం, స్కేలుతోనే అలా తీసేస్తే 8.5 శాతం వస్తుంది. అది కొత్త బేరింగు ఆ రెండు గడువుల మధ్య పాడయ్యే అవకాశం. మన బేరింగు ఇప్పటికే 3000 గంటలు దాటి బతికి ఉంది. కాబట్టి ఆ 8.5ను, 3000 దాటే అవకాశమైన 69.8తో భాగించాలి. అప్పుడు 12.2 శాతం. మనుగడ అవకాశాన్ని, అంటే గడువు దాటి బతికే అవకాశాన్ని, ఒకటిలోంచి పాడయ్యే అవకాశం తీసివేసి రాబట్టకండి. అది నేరుగా రావాలంటే ఆర్‌లో 'లోయర్ టెయిల్'ను ఫాల్స్ చేయండి, పైథాన్ లైబ్రరీ సైపైలో 'ఎస్‌ఎఫ్' వాడండి. విభాజనం తోక చివర, అంటే చాలా ఎక్కువ గంటల దగ్గర, ఉండే అతి చిన్న విలువలు తీసివేతలో మాయమవుతాయి.

అపోహ: పాడైన వాటి వివరాలుంటే సరిపోతుంది.

ఇంకా తిరుగుతున్నవాటిని వదిలేస్తే ఆయుష్షు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అవి ఇన్ని గంటలు దాటాయన్నదీ సమాచారమే. ఆర్‌లో సర్వైవల్ ప్యాకేజీకి, సైపై 1.11 నుంచి వచ్చిన సెన్సార్డ్ డేటా (ఇంకా పాడవని వాటి వివరాలు) సదుపాయానికి ఆ సంగతి చెప్పవచ్చు. సైపైలో 'లోక్'ను (ఆయుష్షు లెక్క మొదలయ్యే బిందువును) సున్నా దగ్గర కట్టేయడం మరవకండి. వదిలేస్తే అదీ కదిలి, ఆకారాన్ని తనతో లాక్కుపోతుంది.

అపోహ: ముందే మార్చేస్తే ఎప్పుడూ మేలే.

ఆకారం 1 కంటే ఎక్కువైతేనే ఆ ఆలోచన. సరిగ్గా 1 అయితే పాతదీ కొత్తదీ సమానమే, మార్చిన ఖర్చు దండుగ. 1 కంటే తక్కువ వస్తే కొత్తవే ముందు పోతున్నాయన్నమాట. అప్పుడు కంప్యూటర్ కట్టేసి, బిగించిన తీరు చూడండి, ఉప్పునీరు లోపలికి దిగుతున్న సీలు చూడండి.