ఆరిన లైటులో ఆగని కరెంటు

ముప్పై శాతం కూలి పెంపు కోరుతూ 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు చేసిన సమ్మె ముగిసింది గాని, సెట్లో ఎంతమంది పనిచేయాలన్న పేచీ ముగియలేదు. కోనసీమ మండువా ఇళ్లలో టీవీ సీరియల్ షెడ్యూలు పడినప్పుడల్లా ఆ పేచీ లైట్ యూనిట్ దగ్గరికి వచ్చి ఆగుతోంది. లైట్లన్నీ ఎల్‌ఈడీలే, వాటి వెలుగును టాబ్లెట్ మీద వేలితో పెంచి తగ్గించవచ్చు, ఆ ఆదేశాన్ని లైటుకు చేర్చే కంట్రోల్ తీగ కూడా అక్కర్లేదు, అలాంటప్పుడు ఇంతమంది లైట్‌మెన్ ఎందుకని ప్రొడక్షన్ వారు అడుగుతున్నారు.  ఈనాటి తగాదాకు మూలం తీగ పోయిన రోజున లేదు. అంతకు ముందే, వెలుగును తగ్గించే పరికరం లైటు లోపలికి వెళ్లిపోయిన రోజున ఉంది.

లోపలి తీగ వేడెక్కి వెలిగే టంగ్‌స్టన్ లైట్ల కాలంలో వెలుగూ కరెంటూ ఒకటే. రెండు వేల వాట్ల లైటు 230 వోల్టుల మీద సుమారు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. అలాంటివి ఆరు వెలిగిస్తే యాభై ఆంపియర్లు దాటుతుంది గనుక పల్లెటూరి ఇంటి మీటరు దాన్ని మోయలేదు, జనరేటర్ రావలసిందే. వెలుగు తగ్గించాలంటే లైటు ముందు జాలీలాంటి నెట్ కట్టేవారు, స్టాండు వెనక్కి జరిపేవారు, డిమ్మర్ ఉంటే దాన్ని తిప్పేవారు. లైటు ఆర్పాలంటే కరెంటు పంచే బోర్డు దగ్గరి మనిషి స్విచ్ తీసేవాడు, దానితో లైటూ, దాని దాకా పోయే కేబులూ రెండూ చల్లబడేవి. చీకటిగా ఉన్న లైటు అంటే కరెంటు లేని లైటని లైట్‌మెన్ చేతులకు అలవాటైంది ఆ రోజుల్లోనే.

ఎల్‌ఈడీ ఈ జతను విడగొట్టింది. జర్మనీకి చెందిన ఆరి (ARRI) సంస్థ 2015లో తెచ్చిన స్కైప్యానెల్ ఎస్60 వంటి లైటు నాలుగు వందల వాట్ల చిల్లరతో, పాత రెండు వేల వాట్ల సాఫ్ట్‌లైటు చేసే పని చేస్తుంది. వెలుగును, రంగును మార్చే సర్క్యూటు లైటులోనే ఉంటుంది. దానికి కరెంటు ఎప్పుడూ అందుతూనే ఉండాలి, ఎంత వెలగాలన్న ఆదేశం మాత్రం వేరే దారిన వస్తుంది. ఆదేశం సున్నా అయితే లైటు ఆరిపోతుంది, లోపలి 230 వోల్టులు ఎక్కడికీ పోవు.

ఆదేశం వచ్చే దారి ఎల్‌ఈడీ కోసం పుట్టింది కాదు. 1986లో అమెరికాలో రంగస్థల సాంకేతిక నిపుణుల సంస్థ యూఎస్‌ఐటీటీ, వేర్వేరు కంపెనీల డిమ్మర్లు ఒకే భాష వినాలని డీఎంఎక్స్512 అనే పద్ధతిని రూపొందించింది. ఒక తీగ మీద 512 చానళ్లు, ఒక్కో చానల్‌కు సున్నా నుంచి 255 వరకు విలువలు పోతాయి. పంపిన విలువ సరిగా అందిందో లేదో సరిచూసే ఏర్పాటు ఆ పద్ధతిలో తప్పనిసరి కాదు. అందుకే మనుషులకు ప్రమాదం తేగల యంత్రాలను దీనితో నడపవద్దని ఆ ప్రమాణమే హెచ్చరిస్తుంది. తీగ లేకుండా ఆదేశాలు పంపే వైర్‌లెస్ పద్ధతి వస్తే మనుషుల అవసరం తీరిపోతుందని వాదించేవారు ఈ హెచ్చరికను ఒక్కసారైనా తలుచుకుంటే బాగుంటుంది.

గాలిలో పంపడం తర్వాతి మెట్టు. స్వీడన్ కంపెనీలు డీఎంఎక్స్‌ను రేడియో మీద పంపే పరికరాలు తెచ్చాయి. వాటిలో లూమెన్‌రేడియో వారి సీఆర్‌ఎంఎక్స్ అనే పద్ధతి, చుట్టూ ఉన్న రేడియో సందడిని గమనించి, ఖాళీగా ఉన్న పౌనఃపున్యాలకు తప్పుకుంటూ పనిచేస్తుంది. ఇవి చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో నడుస్తాయి. మన దేశంలో ఆ పట్టీని తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు లేకుండా వదిలింది 2005 జనవరిలో వచ్చిన కేంద్ర ప్రభుత్వ నియమాలు. వైఫై, బ్లూటూత్ తిరిగేదీ అక్కడే. బ్లూటూత్ మెష్ ప్రమాణం 2017లో వచ్చాక చిన్న లైట్లను కూడా ఫోన్‌లోని యాప్‌తో నడపడం తేలికైంది. లైటు నుంచి లైటుకు మాట అందించుకుంటూ పోయే పద్ధతి కాబట్టి ఒకసారి సరిచేసి వదిలే పనికి అది చాలు. మెరుపు సీనుకు, అన్ని లైట్లూ ఒక్క క్షణంలో మారవలసిన చోటికి అంత నమ్మదగింది కాదు.

ప్రొడక్షన్ వారి వాదనలో నిజం లేకపోలేదు. సీరియల్‌కు రోజుకు చాలా సీన్లు తీయాలి. నిన్న సాయంత్రం వసారాలో పెట్టిన వెలుగును ఈ రోజు టాబ్లెట్ ఒక్క నొక్కుతో తిరిగి తెస్తుంది, సీన్ల మధ్య వెలుగు తేడా రాకుండా కంటిన్యుటీ కుదురుతుంది, కాల్షీట్ మిగులుతుంది. అయితే ఖర్చు తగ్గడానికి కారణంగా వారు చూపే జనరేటర్, డీజిల్, లావు కేబుళ్లు పోయింది ఎల్‌ఈడీ వల్ల. వైర్‌లెస్ తీసేసింది వేలెడు లావైనా లేని కంట్రోల్ తీగను మాత్రమే. మొదటి దాని లాభాన్ని రెండో దాని లెక్కలో రాసి, ఆ లెక్కతో మనుషులను తీసేయాలనడం న్యాయం కాదు.

లైట్‌మెన్ చెప్పేది వినాలంటే మన నేల మీద వినాలి. లంక గ్రామంలో ఇల్లు, చుట్టూ కొబ్బరి తోట, పక్కనే పంట కాలువ. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీరు మింగేస్తుంది, తడిసిన ఆకులోని నీరైనా, మనిషి ఒంట్లోని నీరైనా ఒకటే. ఉదయం ఖాళీ తోటలో చక్కగా అందిన సిగ్నల్, సాయంత్రానికి షూటింగ్ చూడ్డానికి ఊరు ఊరంతా ఫోన్లతో వచ్చి నిలబడేసరికి తడబడుతుంది. లావాటి మట్టి గోడలు దానికి తోడు. ట్రాన్స్‌మిటర్‌ను గదిలో మూల పెట్టకుండా, మండువా మధ్య ఆకాశం కనిపించే చోట స్తంభానికి ఎత్తుగా కడితే నాలుగు వసారాలకూ అందుతుందని వారు కనిపెట్టుకున్నారు. సిగ్నల్ తెగితే లైటు ఉన్న వెలుగులోనే నిలవాలా, ఆరిపోవాలా అన్నది ఒక్కో లైటులో ముందే సరిచేసి పెట్టాలి. ఆ పని ఎవరో ఒకరు ప్రతి స్టాండు దగ్గరికీ వెళ్లి చేయవలసిందే.

వీటన్నిటికంటే పెద్దది తడి. ఆషాఢంలో పెరడంతా బురద, కేబుల్ జాయింట్లు ఇటుకల మీదకు ఎత్తి పెట్టాలి, కవరు చుట్టాలి, గాలికి స్టాండు పడకుండా ఇసుక బస్తాలు వేయాలి. టాబ్లెట్ మీద ఆర్పిన లైటును, ఆరింది కదా అని తడి చేత్తో జరపబోయిన మనిషి పట్టుకునేది లోపల కరెంటు ఉన్న పరికరాన్ని. ఎర్తింగ్ బాగుంటే, లీకేజీని పట్టే బ్రేకర్ బోర్డులో ఉంటే ప్రాణం దక్కుతుంది. అద్దెకు తీసుకున్న పాత ఇంటి వైరింగులో ఆ రెండూ ఉన్నాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. టాబ్లెట్ పట్టుకున్న వ్యక్తి మానిటర్ పక్కన కూర్చుంటాడు, లైటు పెరట్లో ఉంటుంది. లైటు ఆరిందని అతను చెప్పగలడు, కరెంటు పోయిందని చెప్పలేడు.

కాబట్టి స్టాండు కదిపే ముందు బోర్డు దగ్గర ప్లగ్ తీయాలి, తీశానని కేకవేసి చెప్పాలి, కదిపాక మళ్లీ పెట్టాలి. దానికి బోర్డు దగ్గర ఒక మనిషి, లైటు దగ్గర ఒక మనిషి కావాలి. తీగ లేదు కదా అని మనుషులను తగ్గించే లెక్క వేసినప్పుడు, చేతిలో పనేమీ లేనట్టు కనిపించి మొదట పోయేది ఆ బోర్డు దగ్గరి మనిషే. లైట్‌మెన్ పట్టుబడుతున్నది ముందుగా అతని కోసం.