‘నష్టమేమీ లేదు’ అన్న ఆ ఒక్క మాట

పాత రాక్ ఆల్బమ్ ఏదైనా కొత్త అట్టతో, కొత్త ధరతో బజారులోకి వచ్చినప్పుడల్లా ఒక గొడవ మళ్లీ లేస్తోంది. అట్ట మీద ‘అసలు టేపుల నుంచి’ అని ఉంటుంది. కొన్నవాళ్లు అడుగుతారు: ఏ అసలు టేపులు? 2008లో కాలిపోయాయన్నారే, అవేనా? హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోస్ తగలబడిన సంగతి చాలామందికి గుర్తే. కింగ్‌కాంగ్ బొమ్మ కాలిపోవడాన్ని అప్పట్లో టీవీల్లో ప్రపంచమంతా చూసింది. కాబట్టి ఇక్కడ మంట గురించి రెండు ముక్కలే చెప్పి, మంట ఆరాక, పాటల టేపులను అక్కడే దాచుకున్న యూనివర్సల్ మ్యూజిక్ అనే రికార్డు కంపెనీ నోటి నుంచి వచ్చిన మాట దగ్గర ఆగుతాను. ఈ రోజు దాకా నడుస్తున్న తగువంతా ఆ మాటలోంచే పుట్టిందని నా నమ్మకం.

2008 జూన్ 1, ఆదివారం. స్టూడియో ఆవరణలో న్యూయార్క్ వీధిలా కట్టిన సెట్టు పైకప్పును పనివాళ్లు బ్లోటార్చ్‌తో మరమ్మతు చేశారు. పని ముగిశాక నియమం ప్రకారం గంటసేపు కాపలా ఉండి వెళ్లారు. ఇంకా తెల్లవారకముందే అక్కడ మంటలు లేచాయి. నీటి ఒత్తిడి చాలక అగ్నిమాపక దళం నానా అవస్థలు పడింది. సెట్లు పోయాయి, కింగ్‌కాంగ్ ప్రదర్శన పోయింది, 6197 నంబరు గోదాము పోయింది. ఆ గోదామును ‘వీడియో వాల్ట్’ అని పిలిచేవారు. పేరులో వీడియో ఉంది గనుక అందరూ సినిమాల గురించే అడిగారు. వాటికి వేరే చోట కాపీలున్నాయని స్టూడియో చెప్పగానే ఊపిరి పీల్చుకున్నారు.

అదే గోదాములో ఒక మూల, సుమారు 2,400 చదరపు అడుగుల్లో, యూనివర్సల్ మ్యూజిక్ గ్రూప్ వారి పాటల టేపులు ఉండేవి. వాటి సంగతి అడిగినవాళ్లు తక్కువ. అడిగిన బిల్‌బోర్డ్ పత్రికకు కంపెనీ ప్రతినిధి చెప్పిన సారాంశం ఇది: మాకు నష్టమేమీ లేదు, అక్కడున్నవాటిలో చాలావరకు ముందే తరలించేశాం, మిగిలిన కాసినీ ఇప్పటికే డిజిటల్‌లోకి ఎక్కించాం. అంతటితో ఆ వార్త ముగిసిపోయింది.

మర్నాడు, జూన్ 2న, ఫ్లోరిడాలోని ఆర్చర్ అనే చిన్న ఊళ్లో బో డిడ్లీ కన్నుమూశారు. 79 ఏళ్లు. డబ్బాలాంటి నలుచదరపు గిటారు పట్టుకుని, 1955లో షికాగోలోని చెస్ అనే రికార్డు సంస్థకు పాడటం మొదలుపెట్టిన మనిషి. రాక్ సంగీతంలో ఆయన పేరుతోనే పిలిచే దరువు ఒకటుంది. బడ్డీ హాలీ నుంచి రోలింగ్ స్టోన్స్ దాకా దాన్ని అరువు తెచ్చుకున్నారు. పత్రికలు ఆయనకు ఘనంగా నివాళి రాశాయి. ముందు రోజు కాలిన గోదాములో ఆయన టేపులు కూడా ఉండి ఉండవచ్చన్న మాట ఆ నివాళుల్లో రాలేదు. పదకొండేళ్ల తర్వాత, 2019 జూన్‌లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో జోడీ రోజెన్ రాసిన సుదీర్ఘ కథనంలో కాలిపోయి ఉంటాయన్న టేపుల జాబితా వచ్చింది. అందులో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్, హౌలిన్ వుల్ఫ్, ఎటా జేమ్స్‌ల సరసన బో డిడ్లీ పేరూ ఉంది. ఆ రెండు రోజులనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు కలిగిన బాధ చిన్నది కాదు.

పాట అందరి ఫోన్లలో ఉండగా టేపు పోతే ఏమిటి అనేవాళ్లు ఉన్నారు. పల్లెల్లో విత్తనపు వడ్లు విడిగా దాచుకోవడం ఎరిగినవాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. మాస్టర్ టేపు విత్తనం. మనం వినే ప్రతి రికార్డు, క్యాసెట్, సీడీ, ఫోన్లో పాట దాని పంటే. కాపీ నుంచి కాపీ తీసిన కొద్దీ చప్పుడు చేరుతుంది, గొంతులోని సన్నని వివరం అరిగిపోతుంది. మల్టీట్రాక్ టేపయితే సంగతి ఇంకా పెద్దది. రెండంగుళాల వెడల్పు టేపు మీద 24 గీతలు (ట్రాక్‌లు) పక్కపక్కనే నడుస్తాయి. డ్రమ్ములు ఒకచోట, బేస్ ఒకచోట, గొంతు మరోచోట. అది చేతిలో ఉంటే పాటను మళ్లీ మొదటి నుంచి కలపవచ్చు. పాటకు ముందూ వెనకా స్టూడియోలో దొర్లిన మాటలు, వదిలేసిన ప్రయత్నాలు, ఎన్నడూ విడుదల కాని పాటలు కూడా ఆ రీళ్లలోనే ఉంటాయి. 1970ల నాటి టేపులకు జిగురు పడితే, వాటిని సన్నని వేడి మీద గంటల తరబడి ఉంచి, ఆరబెట్టి, ఒక్కసారి ఆడించుకునేంత బతికిస్తారు. అంత ఓపిగ్గా కాపాడుకునే వస్తువది.

మరి అలాంటి వస్తువు సినిమా సెట్ల మధ్య ఎందుకుంది? జవాబు కంపెనీల చేతులు మారిన చరిత్రలో ఉంది. డెక్కా అనే రికార్డు కంపెనీ, యూనివర్సల్ స్టూడియోకు కూడా యజమాని అయిన ఎంసీఏలో కలిసింది. చెస్ పలు చేతులు మారి 1985లో ఎంసీఏకే చేరింది. ఎంసీఏ 1995లో కెనడా మద్యం కంపెనీ సీగ్రామ్‌కు, సీగ్రామ్ 2000లో ఫ్రాన్సు కంపెనీ వివెండీకి వెళ్లాయి. 2004లో స్టూడియో విడిపోయి ఎన్‌బీసీ టీవీ సంస్థతో కలిసింది, సంగీతం వివెండీ దగ్గరే ఆగింది. రెండింటికీ యూనివర్సల్ అన్న పేరే మిగిలింది గానీ యజమానులు వేరు. అప్పటి నుంచి పాటల కంపెనీ తన టేపులకు స్టూడియో గోదాములో అద్దెకున్నట్టు లెక్క. పెన్సిల్వేనియాలోని బోయర్స్‌లో, పాత సున్నపురాతి గనిలో, భూమి అడుగున ఇలాంటివి దాచే చల్లని భద్రస్థలం ఒకటి ఉంది. కొన్ని టేపులు అక్కడికి వెళ్లాయి, కొన్ని గోదాములోనే ఉండిపోయాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2008 జూన్‌లో ‘నష్టమేమీ లేదు’ అన్న అదే యూనివర్సల్ మ్యూజిక్, 2009 డిసెంబరులో తన ఇంటి యజమాని ఎన్‌బీసీ యూనివర్సల్ మీద దావా వేసింది. కారణం ఆ మంటే. తమ ఆస్తి కాలిపోయింది, గోదామును సరిగా కాపాడలేదు, పరిహారం ఇవ్వండి అని. ఆ ఏడాదే కంపెనీ లోపల తయారైన పత్రాల్లో నష్టం లెక్క 1,18,230 ‘ఆస్తులు’. ఇంకో రహస్య పత్రం పోయిన పాటల సంఖ్య 5 లక్షలని అంచనా కట్టింది, పోయింది నిస్సందేహంగా గొప్ప సంగీత వారసత్వమని కూడా రాసింది. మంట నాటికి ఆ గోదాము బాధ్యత చూసిన ర్యాండీ అరోన్సన్ అయితే టేపులే 1,75,000 దాకా ఉంటాయన్నారు. 2013లో రెండు కంపెనీలూ రాజీ పడ్డాయి. ఎంతకు కుదిరిందో బయటపెట్టలేదు. దావాకూ రాజీకీ మధ్య మూడేళ్లకు పైగా గడిచింది. అంత కాలంలోనూ ఆ టేపుల మీద గొంతులున్న మనుషులకు వరసగా కబురు వెళ్లలేదు.

ఈ రెండు మాటలూ ఒకే నోటివి. బయట ప్రపంచానికి ఏమీ పోలేదు. కోర్టుకు చాలా పోయింది. ఎన్ని పోయాయి, ఎవరివి పోయాయి అన్న తగువు ఈ రోజు ఎంత దూరం వెళ్లినా, దాని వేరు ఇక్కడే ఉంది. మొదటి రోజే ‘పోయాయి, ఎన్నో తెలియదు, జాబితా తయారు చేస్తున్నాం’ అని ఉంటే తర్వాత కంపెనీ చెప్పే ప్రతి లెక్కనూ ఇంతమంది అనుమానించేవారు కాదు.

కంపెనీ వాదన కూడా చెప్పాలి. 2019 కథనంలోని జాబితాలో తప్పులున్నాయని, చాలా పేర్లు అనవసరంగా చేరాయని, కాలినవాటిలో కాపీలు కూడా ఉన్నాయని వారంటారు. ఆ వాదనలో కొంత నిజముంది. ఆ కథనం వచ్చాక కంపెనీ మీద దావా వేసిన కళాకారుల్లో ఒకరైన హోల్ అనే రాక్ బృందం, తమ టేపులు భద్రమని తెలిశాక 2019 ఆగస్టులోనే తప్పుకుంది. 2020 ఫిబ్రవరిలో కోర్టుకిచ్చిన పత్రంలో కంపెనీ 19 మంది కళాకారుల అసలు టేపులు దెబ్బతిన్నాయని ఒప్పుకుంది. నిర్వాణ, ఎల్టన్ జాన్, ఆర్.ఇ.ఎమ్., సౌండ్‌గార్డెన్, షెరిల్ క్రో, బ్రయన్ ఆడమ్స్ పేర్లు అందులో ఉన్నాయి. లోపలి కాగితాల్లో లక్ష దాటిన లెక్క ఒకటి, కోర్టు కాగితంలో 19 పేర్లు. ఒకటి వస్తువుల లెక్క, రెండోది మనుషుల లెక్క, నిజమే. అయినా రెంటి మధ్యా ఉన్న అగాధాన్ని పూడ్చే పూర్తి జాబితా జనం ముందుకు రాలేదు.

కాలం కూడా గమనించాలి. వివెండీ 2018లోనే యూనివర్సల్ మ్యూజిక్‌లో వాటా అమ్ముతానని ప్రకటించింది. కొనేవాడికి చూపించే సరుకులో పాత పాటల ఖజానాయే పెద్దది. సరిగ్గా ఆ బేరాల మధ్యలో ఈ కథనం వచ్చింది. కళాకారులకు మేం జవాబుదారులం, పారదర్శకంగా ఉండాలి అని కంపెనీ అధిపతి లూసియన్ గ్రెయింజ్ ఉద్యోగులకు రాశారు. కొన్ని నెలలకు చైనా టెక్ కంపెనీ టెన్సెంట్ నాయకత్వంలోని బృందం కంపెనీ విలువను 3,000 కోట్ల యూరోలుగా కట్టి 10 శాతం కొంది. మంటల వార్త ఆ విలువను కదిలించలేదు.

టేపుల పట్ల ఈ నిర్లక్ష్యం 2008లో పుట్టిందేమీ కాదు. 1978 ఫిబ్రవరి 8న న్యూజెర్సీలోని లాంగ్ బ్రాంచ్‌లో అట్లాంటిక్ రికార్డ్స్ గోదాము కాలి, 1940ల చివరి నుంచి పోగుపడిన రికార్డింగు రీళ్లు వేల సంఖ్యలో పోయాయి. అప్పుడు పెద్దగా ఎవరూ ఏడవలేదు. పాత టేపుకు విలువ ఉందని సీడీలు వచ్చి, అదే పాటను రెండోసారి అమ్మగలిగాక గానీ పరిశ్రమకు తట్టలేదు. అంటే 2008 నాటికి తెలియదనడానికి వీల్లేదు.

2019 జూన్ 21న సౌండ్‌గార్డెన్, హోల్, స్టీవ్ అర్ల్, ర్యాపర్ ట్యుపాక్ షకూర్ ఎస్టేట్ (ఆయన ఆస్తి హక్కులు చూసేవారు), టామ్ పెట్టీ మాజీ భార్య జేన్ పెట్టీ కలిసి లాస్ ఏంజెలెస్ ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. రాజీలోనూ బీమాలోనూ వచ్చిన సొమ్ములో సగం తమదని, మొత్తం 10 కోట్ల డాలర్లకు పైగా రావాలని అడిగారు. కంపెనీ తన నష్టానికి 15 కోట్ల డాలర్ల విలువ కట్టుకుందని ఆరోపించారు. పిటిషనర్ల వరస చూడండి. ట్యుపాక్ 1996లోనే హత్యకు గురయ్యాడు. సౌండ్‌గార్డెన్ గొంతు క్రిస్ కార్నెల్ 2017 మే 18న పోయాడు. టామ్ పెట్టీ అదే ఏడాది అక్టోబరు 2న పోయాడు. దావాలో పేరు లేని చక్ బెర్రీ ఆ మార్చిలోనే, 90 ఏళ్ల వయసులో వెళ్లిపోయాడు. ఆయన పాట ఒకటి 1977 నుంచి వాయేజర్ నౌక మీద బంగారు పూత పళ్లెంలో అంతరిక్షంలో ప్రయాణిస్తోంది. భూమి మీద ఆ గొంతు తొలి టేపుల గతి ఏమిటన్నది మాత్రం తగువుగానే మిగిలింది.

2020 మార్చి నెలాఖరుకు ఒక్కొక్కరే తప్పుకుని జేన్ పెట్టీ మిగిలారు. ఏప్రిల్‌లో న్యాయమూర్తి జాన్ క్రాన్‌స్టాట్ ఆ దావాను కొట్టేశారు. ఒప్పందాల ప్రకారం టేపులు కంపెనీ ఆస్తి. పాటను వాడుకున్నందుకు వచ్చే ఆదాయంలో కళాకారుడికి వాటా ఉంటుంది, టేపు కాలినందుకు వచ్చే పరిహారంలో ఉండదు. చట్టం కళ్లతో చూస్తే తీర్పు అర్థమవుతుంది. పాతికేళ్లు నిండని కుర్రాళ్లు, వకీలు లేకుండా, 1950ల్లో సంతకం పెట్టిన కాగితాలు గుర్తొస్తే మాత్రం మనసు ఒప్పదు.

దీని పక్కన ఇంకో కేసు పెట్టి చూడాలి. 2022లో మొబైల్ ఫిడిలిటీ అనే కంపెనీ మీద రచ్చ లేచింది. అసలు టేపు నుంచి నేరుగా చెక్కామన్నట్టు అమ్మిన ఖరీదైన రికార్డుల తయారీలో డిజిటల్ మెట్టు ఒకటి ఉందని బయటపడింది. కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. కంపెనీ 2.5 కోట్ల డాలర్ల దాకా పరిహారానికి ఒప్పుకుంది. ఆ న్యాయం సరైనదే, వారిని తప్పుపట్టను. టేపు గురించి సరిగా చెప్పనందుకు రికార్డు కొన్న శ్రోతకు పరిహారం దొరికింది. టేపు పోయిందని చెప్పకుండా ఉండిపోయినందుకు, దాని మీద పాడినవాడికి దొరకలేదు.

కింగ్‌కాంగ్ రెండేళ్లలో, 2010లో, కొత్త హంగులతో స్టూడియోకు తిరిగొచ్చింది. ఆ తర్వాత మూడేళ్లకు బ్రయన్ ఆడమ్స్ తన 1984 నాటి ఆల్బమ్‌కు 30 ఏళ్ల సంచిక తేవాలని అసలు టేపుల కోసం కంపెనీని అడిగాడు. అందరికీ ఫోన్లు చేశాడు. దొరకలేదు. ఎందుకు దొరకలేదో ఎవరూ చెప్పలేదు. చివరికి వాంకూవర్‌లో తాను సొంతంగా దాచుకున్నవాటిలో ఒక కాపీ కనబడింది. ఆయన బతికున్నాడు, అడగగలిగాడు, వెతుక్కోగలిగాడు. మంటల సంగతి ఆయనకు తెలిసింది 2019లో, న్యూయార్క్ టైమ్స్ కథనం వచ్చాక.