వలలో పడ్డ తాబేలు: అపోహలు, వాస్తవాలు

జనవరి వచ్చిందంటే నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. "బీచ్‌లో తాబేళ్లు చచ్చి పడున్నాయి, సముద్రంలో విషం కలిసిందట, సునామీ వస్తుందా మేడమ్?" అని. సునామీకీ దీనికీ సంబంధం లేదు. భయపడేవాళ్లని నేనేమీ అనను. పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తే వరసగా కళేబరాలు కనిపిస్తే ఎవరికైనా గుండె జారుతుంది. నా కోపమంతా ఈ విషం, సునామీ పుకారుని వాట్సాప్ మెసేజ్‌గా పుట్టించినవాడి మీదే. వాడి దెబ్బకి ఆ వారం చేపలమ్మే ఆడవాళ్ల బుట్టలు నిండుగానే ఇంటికి తిరిగొస్తాయి.

జరిగేది వేరు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకు దగ్గరగా చేరేదీ ఈ నెలల్లోనే, రొయ్యల కోసం ట్రాలర్లు (వల లాక్కుంటూ పోయే మరబోట్లు) తిరిగేదీ ఈ నెలల్లోనే. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదని రూలుంది, అది ఎంతవరకు అమలవుతోందో హార్బర్‌లో అందరికీ తెలుసు. తాబేలు పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. గంటల తరబడి లాగే వలలో ఇరుక్కుంటే దానికి ఊపిరాడదు.

అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసే అపోహ: వల ఎత్తాక కదలకపోతే తాబేలు చచ్చినట్టే.

కాదు. మెడ వాలిపోయినా, రెక్కలు వేలాడుతున్నా అది స్పృహ తప్పి ఉండొచ్చు. ఒళ్లు బిగుసుకుపోయి, కుళ్లిన వాసన వస్తేనే చచ్చిందనుకోండి. స్పృహ లేనిదాన్ని నీళ్లలోకి తోసేస్తే తల ఎత్తలేక అప్పుడు నిజంగానే చస్తుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చేవాటిలో ఇలా పోయినవీ ఉంటాయి.

చేయాల్సింది ఇదీ. పొట్ట కిందికి ఉండేలా డెక్ మీద పడుకోబెట్టండి. వెనక భాగం కింద తాడు చుట్టో, చెక్కో పెట్టి జానెడు ఎత్తు లేపండి, లోపలి నీరు నోట్లోంచి కారుతుంది. నీడన ఉంచి తడి గోనె కప్పండి, ముక్కు మాత్రం మూయొద్దు. మధ్యమధ్యలో తోక మెల్లగా గిల్లితే కదలిక తెలుస్తుంది. తేరుకోవడానికి 4 గంటలు పట్టొచ్చు, 24 గంటలూ పట్టొచ్చు. వెల్లకిలా తిప్పి పొట్ట మీద కాలేసి తొక్కడం వైద్యం కాదు, దయచేసి మానండి.

ఇది చెప్తే ఒక సరంగు, అంటే బోటు నడిపేవాడు, నవ్వాడు: "ఏటి మేడమ్, సచ్చిపోయిన తాబేలుకి కాపలా కాయమంటారా?" అయినా తర్వాతి వేటలో ఒకదాన్ని ఐసు గది పక్కన గోనె కింద పెట్టి చూశాడట. సాయంత్రం వంట చేస్తున్న కలాసీ కుర్రాడు గోనె దానంతటదే జరగడం చూసి, గరిటె వదిలేసి పరిగెత్తాడని ఆయనే వచ్చి చెప్పాడు. ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టి, వలలు లేనివైపు నుంచి దించారట. ఆ పద్ధతి కూడా సరైనదే.

అంత తొందరగా తోసేయడానికి అసలు కారణం కేసు టెన్షన్. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జీవి కాబట్టి పట్టడం, చంపడం, అమ్మడం నేరమే. కానీ పొరపాటున పడ్డదాన్ని బతికించి వదిలినవాళ్లని జైల్లో వేయగా నేనింతవరకు చూడలేదు. మహారాష్ట్రలో అయితే ఇలాంటి జీవుల్ని వదలడానికి వల కోసుకున్నవాళ్లకి 25 వేల రూపాయల వరకు పరిహారం ఇస్తున్నారు. మనకూ అలాంటి పథకం కావాలని అడుగుతూనే ఉన్నాం.

"టెడ్ పెడితే రొయ్యంతా పోతుంది" అంటారు. అది వల మెడలో బిగించే కమ్మీల చట్రం. రొయ్య సందుల్లోంచి వెనక సంచిలోకి పోతుంది, తాబేలు అడ్డం తగిలి, పైనో కిందో ఉండే తలుపులోంచి బయటపడుతుంది. కాస్త చేప పోతుంది, నిజమే. ఆ నష్టం తగ్గించడానికే కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సిఫ్ట్) మన బోట్లకి తగ్గట్టు ఒకటి తయారుచేసింది. టెడ్ వాడడం లేదనే అమెరికా మన సముద్రపు రొయ్యని వద్దంది. ఆ లెక్క కూడా వేసుకోండి.

ఒడ్డున తాబేలు పిల్లలు కనిపిస్తే బకెట్లో ఇంటికి తీసుకెళ్లొద్దు, ఫ్లాష్ కొట్టి ఫొటోలు తీయొద్దు. వెలుతురెటుంటే అటు నడుస్తాయి. టార్చ్ ఆపేసి అటవీ శాఖకి ఫోన్ చేయండి.